అమ్మమ్మ బతుకు రాయాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అమ్మమ్మల గురించి, నాయనమ్మల గురించే. పల్లెటూళ్లో బతికి వెళ్లిపోయినవాళ్లు కొందరు, ఇంకా మన మధ్య ఉన్నవాళ్లు కొందరు. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకు వాయిదా వేసి చోటంతా వీటికే ఇస్తున్నాను. ఉత్తరాలు కుదించాను. పేర్లు వద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: మా అమ్మమ్మది దివిసీమలో నాగాయలంక దగ్గర చిన్న పల్లె. మొన్న మాఘమాసంలో పోయింది. సంవత్సరీకం నాటికి ఆవిడ గురించి చిన్న పుస్తకం వేసి బంధువులకు పంచాలని మా అక్కచెల్లెళ్ల కోరిక. కానీ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాం. ఎప్పుడు పుట్టిందో ఎవరికీ తెలియదు, ఆధార్‌లో జనవరి 1 అని ఉంది. ఉప్పెనలో ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకుంది, దాని గురించి బతికున్నన్నాళ్లూ నోరు విప్పలేదు. ఇన్ని తెలియకుండా ఎలా రాయడం? (విజయవాడ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ముందు ఆ జనవరి 1 సంగతి. పుట్టిన తేదీకి కాగితం లేనివాళ్లు వయసు ఉజ్జాయింపుగా చెబితే ఆధార్‌లో ఆ సంవత్సరం జనవరి 1 అని పడిపోయింది. ఒకే ఇంట్లో భార్యాభర్తలిద్దరికీ అదే పుట్టినరోజు ఉండటం మీరూ చూసే ఉంటారు. దాన్ని పుస్తకంలో వేయకండి. "సుమారుగా ఫలానా సంవత్సరం" అంటే చాలు, ఆ సుమారును పట్టుకోవడానికి దారులున్నాయి.

మీది కృష్ణ ఒడ్డు కాబట్టి పుష్కరాలతో మొదలుపెట్టండి. కృష్ణా పుష్కరాలు 1956లో, 1968లో, 1980లో, 1992లో వచ్చాయి. అమ్మమ్మ చెల్లెలో, తోటికోడలో, ఊళ్లో ఆవిడ ఈడు మనిషి ఎవరైనా ఉంటే సంవత్సరం అడక్కండి. "ఏ పుష్కరాలకు అమ్మమ్మ ఇంకా పెళ్లికాని పిల్ల, ఏ పుష్కరాలకు చంకలో బిడ్డ ఉంది, ఆ బిడ్డ ఎవరు" అని అడగండి, ఠక్కున చెబుతారు. కొందరు తెలుగు సంవత్సరం పేరు చెబుతారు, అదీ పనికొస్తుంది. విజయ నామ సంవత్సరం అంటే 1953-54, మళ్లీ అదే పేరు వచ్చింది 2013లో కాబట్టి తికమక పడే అవకాశమే లేదు. ఇంకొకటి, ఇంట్లో అటక మీద ఇత్తడి సామాను ఉంటే దించి చింతపండుతో తోమి చూడండి. పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టిన బిందె మెడ చుట్టూ, కంచం అంచు మీద, చుక్కలు చుక్కలుగా పేరు, తేదీ కొట్టించడం మనవాళ్ల అలవాటు. ఎవరూ దాచిపెట్టాలని అనుకోకుండానే దాగిన పెళ్లినాటి కాగితం అది. పాత ఇల్లు ఇంకా ఉంటే దూలం మీద, ద్వారబంధం మీద కట్టిన సంవత్సరం చెక్కి ఉందేమో కూడా చూడండి.

ఇక ఉప్పెన. మీరు అసలు అడగదలచుకున్నది అదేనని నాకు అర్థమైంది.

1977 నవంబరు 19, శనివారం. కార్తీక మాసం, వరి కోతకొచ్చిన రోజులు. తాడెత్తున లేచిన నీళ్లు సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి మీదుగా ఊళ్లను తుడిచిపెట్టాయి. పోయినవాళ్లు అధికారిక లెక్కల్లోనే పది వేలకు పైగా, అసలు సంఖ్య ఇంకా చాలా ఎక్కువని ఆ ప్రాంతం వాళ్లు ఇప్పటికీ అంటారు. ఈ నాలుగు వాక్యాలు ఎవరైనా రాయగలరు, ఎక్కడైనా దొరుకుతాయి. మీ పుస్తకంలో ఉండాల్సింది మీ అమ్మమ్మ ఇంటి ఉప్పెన. ఆవిడ చెప్పలేదు, నిజమే, కానీ ఆ రాత్రి ఆవిడ ఒక్కతే లేదు కదా. ఎవరింట్లో తలదాచుకున్నారు, ఎవరు ఏ చెట్టు పట్టుకుని బయటపడ్డారు, తెల్లారాక మొదట కనిపించిన మనిషి ఎవరు, తాగే నీళ్లు ఎక్కడ దొరికాయి, మళ్లీ పొయ్యి ఎన్నాళ్లకు వెలిగింది, ఉప్పు తేలిన చేలో మళ్లీ నాట్లు ఎప్పుడు పడ్డాయి, ఇంటికి కొత్త కప్పు ఎవరు వేశారు. ఇవన్నీ పక్కింటివాళ్లకు గుర్తుంటాయి. ఆ రోజుల్లో పదేళ్ల పిల్లలకు ఇప్పుడు అరవై దగ్గర పడుతున్నాయి. వాళ్ల దగ్గరికి వెంటనే వెళ్లండి, సంవత్సరీకం దాకా ఆగొద్దు.

పోయిన ఇద్దరు పిల్లల పేర్లు, వయసు, ఏ కాన్పు తర్వాత ఏ కాన్పు, ఇవి పుస్తకం మొదట్లోనే, బతికిన పిల్లల పేర్ల వరసలోనే వేయండి. వంశవృక్షాలు వేసేటప్పుడు చిన్నప్పుడే పోయినవాళ్లను వదిలేస్తారు, నాకు అది చాలా అన్యాయంగా అనిపిస్తుంది. ఆ తల్లి లెక్కలో వాళ్లెప్పుడూ ఉన్నారు.

ఆవిడ మౌనం గురించి ఒక్క మాట. ఊహించి ఆవిడ నోట డైలాగులు పెట్టకండి. మీరు కళ్లారా చూసినవి రాయండి. వాయుగుండం అని రేడియోలో చెప్పినప్పుడు ఆవిడ ఏం చేసేది? బియ్యం, బట్టలు, కాగితాలు ఎక్కడ పెట్టేది? కార్తీకంలో ఆ రోజున అన్నం తినేదా? సముద్రం వైపు వెళ్లేదా, మిమ్మల్ని వెళ్లనిచ్చేదా? మీ అక్కచెల్లెళ్లు కూర్చుని తలా ఒకటి గుర్తు చేసుకుంటే ఆ అధ్యాయం దానంతటదే తయారవుతుంది.

ప్రశ్న: మాది హుజూర్‌నగర్ దగ్గర పల్లె. నాయనమ్మకు ఎనభై అయిదు దాటాయి, జ్ఞాపకశక్తి బాగానే ఉంది. ఫోన్ రికార్డర్ ఆన్ చేసి "నీ జీవితం గురించి చెప్పు నాయనమ్మా" అంటే "నా బతుకుల ఏమున్నది బిడ్డా చెప్పనీకి" అని లేచిపోతుంది. ఎలా మాట్లాడించాలి? (హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: జీవితం గురించి చెప్పమంటే మీరు చెప్పగలరా? నేనైతే చెప్పలేను. మీ నాయనమ్మను పని గురించి అడగండి. రైతు ఇంటి ఆడమనిషికి ఎనభై ఏళ్లలో చేతికి తెలియని పని ఉండదు, ఆ పనులన్నీ ఎవరూ అడక్కుండానే చేసుకుంటూ పోయింది కాబట్టి వాటిలో చెప్పుకోదగ్గదేదో ఉందని ఆవిడకే తోచదు. వాళ్లను త్యాగమూర్తి, సహనశీలి అనేసి ఊరుకుంటాం మనం. నాయనమ్మ గురించి రాసిన పది వ్యాసాలు తిరగేస్తే పదిలోనూ ఆ రెండు మాటలుంటాయి, ఆవిడ ఏ పనిలో దిట్టో మాత్రం ఉండదు. విత్తనానికి కంకులు ఏరి పెట్టడం, పురుగు పట్టకుండా పప్పులు దాచడం, ఈనబోయే గేదె దగ్గర రాత్రంతా కూర్చోవడం, ఇవి విద్యలు. వాటిని విద్యలుగానే రాయాలి.

అడిగేటప్పుడు ఎదురుగా కూర్చుని ఇంటర్వ్యూ చేయొద్దు. చేతికి పనిచ్చి పక్కన కూర్చోండి. చేటలో కాసిని బియ్యం పోసి ఇవ్వండి, ఎంత మిక్సీలు, ప్యాకెట్ బియ్యం వచ్చినా చేట చేతికొస్తే ఊరుకోలేరు వాళ్లు. చెరిగేటప్పుడు మణికట్టు ఎగరేసి ఊక బయటికి పంపుతుంది, నేమేటప్పుడు చేటను పక్కలకు మెల్లగా ఊపుతూ బొటనవేలితో అంచు తట్టుతూ రాళ్లను ఒక మూలకు, నూకను ఒక మూలకు తోస్తుంది. చూడకుండానే చేస్తుంది. ఆ చేతులు ఆడుతున్నంతసేపూ నోరు కూడా ఆడుతుంది, అప్పుడు అడగండి.

మీ ప్రాంతానికి నేనైతే కాలువతో మొదలుపెడతాను. నాగార్జునసాగర్ కాలువలకు 1967 ఆగస్టులో నీళ్లు వదిలారు. హుజూర్‌నగర్, మిర్యాలగూడ వైపు ఎడమ కాలువ నీళ్లొచ్చి మెట్ట చేలు వరి పొలాలయ్యాయి. "కాల్వ రాకముందు పొద్దుగాల ఏం తినేది నాయనమ్మా?" అనండి. జొన్న గటక, అంబలి, సజ్జ రొట్టె, కోడి కూయకముందే లేచి విసిరిన ఇసుర్రాయి, పండుగనాడే వండిన వరి బువ్వ, ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఆ తర్వాత నాట్లు ఎవరు నేర్పారు, కూలి ధాన్యంగా ఇచ్చేవాళ్లా పైసలుగానా, ఇంట్లో మొదటిసారి పొద్దూమాపూ తెల్లన్నం వండిన రోజులు ఎట్లున్నయి అని అడగండి. 1948 పోలీసు యాక్షన్ నాటికి ఆవిడ చిన్నపిల్ల అయి ఉంటుంది. రజాకార్ల గురించి చెప్పమంటే ఎక్కడో విన్నది చెబుతుంది, "చిన్నప్పుడు రాత్రి ఎక్కడ పండేటోళ్లు, నగలెక్కడ దాచేది మీ అమ్మ" అంటే తను చూసింది చెబుతుంది. 1980 ఫిబ్రవరి 16న మీ వైపు సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది, మధ్యాహ్నం పూట చీకటి పడింది. ఆ రోజు ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్లెవరో అడిగారంటే మీ బాబాయిదో అత్తదో పుట్టిన ఏడు కూడా తేలిపోతుంది.

బతుకమ్మ పాటలు ఒక్కదాన్నే పాడమనకండి, రెండో చరణం దగ్గర ఆగిపోయి మర్చిపోయానంటుంది. సద్దుల నాడు ఊరికి వెళ్లి, తంగేడు, గునుగు పేరుస్తున్నప్పటి నుంచే ఫోన్ ఒక పక్కన పెట్టి ఉంచండి. చుట్టూ నలుగురుండి చప్పట్లు పడితే పాట దానంతటదే వస్తుంది.

రాసేటప్పుడు ఆవిడ భాషను దిద్దకండి. "పోయినం", "చేసినం" అన్నది అలాగే ఉంచండి, పుస్తకం తెలుగులోకి మార్చారంటే ఆ గొంతు పోతుంది. రికార్డింగులు చిన్న చిన్నవిగా తీయండి, ఫైలుకు తేదీ, విషయం పేరు పెట్టండి, వాట్సాప్‌లో వదిలేయకుండా వేరే రెండు చోట్ల కాపీ ఉంచండి. ఫోన్ పోతే నాయనమ్మ గొంతు కూడా పోతుంది, చాలామందికి అదే జరిగింది.

ప్రశ్న: మా జేజిని ఊరంతా "పెద్దమ్మి" అనేవాళ్లు. సమాధి మీద పేరు రాయిద్దామంటే రేషన్ కార్డులో ఒక పేరు, ఓటరు లిస్టులో ఇంకో పేరు ఉన్నాయి. ఏది అసలు పేరు? (ప్రొద్దుటూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: రెండూ అసలువే అయి ఉండొచ్చు. పెళ్లయ్యాక అత్తగారింట్లో అదే పేరు మనిషి ఉంటే కొత్త కోడలికి పేరు మార్చడం చాలా ఇళ్లల్లో జరిగింది. జేజి పుట్టింటి ఊరికి వెళ్లి ఆమె అన్నదమ్ముల పిల్లల్ని అడగండి, పుట్టింటి పేరు వాళ్లకు తెలుస్తుంది. పసుపు కుంకుమ కింద సెంటు భూమి అయినా రాసిచ్చి ఉంటే ఆ దస్తావేజులో ఆమె పేరు, తండ్రి పేరు రెండూ ఉంటాయి, రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ, అంటే ఆ భూమి మీద నమోదైన లావాదేవీల జాబితా, తీయించండి. లేకపోతే నిరాశ పడకండి, కూతురికి కొడుకుతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో వాటా అని మన రాష్ట్రంలో చట్టం మారిందే 1986లో. అంతకుముందు పెళ్లయి వెళ్లినవాళ్ల పేరు భూమి కాగితాల్లో దొరకడం అరుదు.

ఈ పేరు గొడవ మీ ఇంటిదే కాదు. 1951-52 మొదటి సాధారణ ఎన్నికలప్పుడు పేరడిగితే "ఫలానా వారి భార్య", "ఫలానా వారి కూతురు" అని మాత్రమే చెప్పిన ఆడవాళ్లు లక్షల్లో ఉన్నారు. సొంత పేరు నమోదు కాని దాదాపు 28 లక్షల మందిని జాబితా నుంచి తీసేయాల్సి వచ్చింది. ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాలవాళ్లే, కానీ భర్త పేరు చాటున బతికే పద్ధతి మనకూ తెలిసిందే.

రాయి మీద ముందు పుట్టింటి పేరు, కింద కార్డులోని పేరు, ఆ కింద "పెద్దమ్మి" అని మూడూ చెక్కించండి. ఊరివాళ్లు గుర్తుపట్టేది మూడోదాన్నే.

ప్రశ్న: నాయనమ్మ అంటే మాకు ప్రాణం. కానీ పొలం పనికొచ్చిన ఆడవాళ్లను గడప బయటే కూర్చోబెట్టి, దోసిట్లోకి పైనుంచి నీళ్లు పోసేది. మా అమ్మను కాపురానికొచ్చిన కొత్తలో బాగా ఏడిపించింది. ఇవి రాయాలా? బాబాయిలు ససేమిరా వద్దంటున్నారు. (గుంటూరు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: రాయాలి. రెండూ రాయాలి.

మీకు జడలు వేసి, చద్దన్నంలో మీగడ పెరుగు కలిపి ముద్దలు పెట్టిన చేయి, ఆ నీళ్లు పైనుంచి పోసిన చేయి ఒకటే. ఒకదాన్ని దాచి రెండోదాన్ని చూపిస్తే అది మీ నాయనమ్మ కాదు, క్యాలెండర్ బొమ్మ. "ఆ రోజుల్లో అందరూ అంతే" అన్న మాటతో దాటేయకండి. అంటరానితనాన్ని 1950లో రాజ్యాంగమే నిషేధించింది, 1955లో శిక్ష వేసే చట్టం కూడా వచ్చింది. మీ ఇంటి గడప దగ్గర అది ఏ ఏడు దాకా నడిచిందో, విడిగా పెట్టిన గ్లాసు ఏ గూట్లో ఉండేదో, ఎప్పుడు ఎవరు ఆపారో, లేక ఆ పనివాళ్లే మీ ఇంటికి రావడం మానేశారో, అన్నీ రాయండి.

ఇంకో పని కూడా చేయమంటాను, కష్టమైనా సరే. మీ పొలంలో ఏళ్ల తరబడి నాట్లు వేసి, కలుపు తీసి, మిరపకాయలు కోసిన ఆడవాళ్లలో ఇంకా బతికున్నవాళ్ల ఇంటికి వెళ్లి కూర్చోండి. మీ నాయనమ్మ గురించి వాళ్లకు ఏం గుర్తుందో అడగండి. ఏం చెప్పినా మధ్యలో సర్దిచెప్పొద్దు. కొలతలో మోసం చేయని మనిషి అంటారో, ఒక మానిక తక్కువే కొలిచేదంటారో, పురుడొస్తే కారం, నెయ్యి పంపింది అంటారో, వాళ్లు ఏది చెబితే అది వాళ్ల మాటల్లోనే వేయండి, వాళ్లు ఒప్పుకుంటే పేరుతో. వాళ్లూ ఆవిడ ఈడు అమ్మమ్మలే, వాళ్ల చేతుల మీదుగానే మీ ఇంటి గాదె నిండింది.

అమ్మ సంగతి అమ్మనే రాయనివ్వండి. ఆవిడ తరఫున మీరు తీర్పులు చెప్పొద్దు, ఒక పేజీ ఖాళీ ఉంచి అమ్మకు ఇచ్చేయండి. రాయనంటే అది ఆవిడ ఇష్టం. బాబాయిలకు మాత్రం ప్రింటుకు ఇచ్చే ముందు చూపించండి. అబద్ధం ఉంటే దిద్దమనండి, నిజాన్ని తీసేయమంటే ఒప్పుకోకండి. నాకు తెలిసినంతలో, చనిపోయినవాళ్ల పరువు అంటూ కొడుకులు పడే టెన్షన్‌లో సగం తమ పరువు గురించే.

ప్రశ్న: తూర్పు గోదావరి నుంచి వచ్చి డాలస్‌లో ఉంటున్నాం. అమ్మమ్మ చివరి చూపు వీడియో కాల్‌లోనే అయింది. ఇప్పుడు ఆవిడ ఆవకాయ మా పిల్లలకు అందించాలని ఉంది. కానీ కొలతలు అడిగితే "చేత్తో చూసి వేస్తానే" అనేది. మరి ఎలా? (అమెరికా నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, అంత దూరాన ఉండి ఆ కబురు ఫోన్‌లో చూడటం ఎంత కష్టమో రాయకుండానే తెలుస్తోంది. ఆవిడ పక్కన ఏళ్ల తరబడి ముక్కలు తుడిచి, ఆవపిండి కలిపిన మనిషి ఇంట్లో ఒకరుంటారు, మీ పిన్నో, పెద్ద మామయ్య భార్యో. అమ్మమ్మ చేయి ఇప్పుడు ఆవిడ దగ్గరుంది. ఈ వేసవిలో ఆవిడ ఆవకాయ పెట్టే రోజున వీడియో కాల్ పెట్టించి, వంటింట్లో ఎవరో ఒకరిని కాటా పట్టుకుని పక్కన నిలబడమనండి. చారెడు అని తీసినప్పుడల్లా జాడీలో పడకముందే తూకం వేసి చెప్పాలి. ముక్కలు ఎన్ని కిలోలు, ఆవపిండి, కారం, ఉప్పు ఎన్ని గ్రాములు, మెంతులు ఎన్ని, నువ్వుల నూనె మొదటి రోజు ఎంత, మూడో రోజు తిరగ కలిపేటప్పుడు ఎంత, రాసుకోండి. పిన్ని విసుక్కుంటుంది, పర్లేదు.

కాయ ఏ చెట్టుదో తప్పకుండా అడగండి. మీ వైపు ఆవకాయకు కొత్తపల్లి కొబ్బరి కాయ అంటే ప్రాణం, పులుపు, పీచు, టెంక గట్టితనం దానికి వేరు. మీకు అక్కడ ఇండియన్ స్టోర్లో దొరికే పచ్చికాయ వేరే రకం కాబట్టి ఉప్పు, కారం అవే పడవు. మొదటిసారి రెండు కాయలతో చిన్న సీసాలో పెట్టి, మూడో రోజు రుచి చూసి సరిచేసుకోండి. ముక్కకు టెంక ఉండేలా కొట్టించడం కుదరకపోతే గట్టి కత్తితో మీరే కొట్టుకోవాలి, జాగ్రత్త. తడి మాత్రం తగలనివ్వొద్దు, కాయ, కత్తి, గిన్నె, చేయి అన్నీ పొడిగా ఉండాలి.